ఇద్దరు జో మోర్గన్‌లు: ఒక్క "జో" పేరుతో పూర్తి బేస్‌బాల్ జట్టు కట్టవచ్చా?

రెండో_బేస్:
నిన్న మా ఆఫీసు క్విజ్‌లో అన్యాయం జరిగింది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోను? ప్రశ్న ఇది: 1988లో సీజన్ మధ్యలో బోస్టన్ రెడ్ సాక్స్ పగ్గాలు అందుకుని, వచ్చీరాగానే వరసగా 12 మ్యాచ్‌లు గెలిపించిన మేనేజర్ ఎవరు? జో మోర్గన్ అన్నాను. సరైన జవాబే. మార్కు ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. క్విజ్ నడిపే పెద్దమనిషి "ఆయనే సిన్సినాటి రెడ్స్ సెకండ్ బేస్‌మన్ కూడా" అని అందరికీ పాఠం చెప్పాడు. ఆయన వేరు, ఈయన వేరు అని లేచి చెప్పాను. ఒకే పేరుతో ఇద్దరు ప్రముఖులు ఎలా ఉంటారంటూ అందరూ నవ్వారు.

మన ఊళ్లలో ఒక్క వీధిలోనే ముగ్గురు శ్రీనివాసరావులు ఉంటారు. పోస్టుమ్యాన్ ఏ ఒక్కరి ఉత్తరమూ తప్పుగా ఇవ్వడు. అమెరికా వాళ్లకు ఇది వింతగా తోచడం నాకు వింత. ఆ కోపంతో రాత్రంతా "జో"ల జాబితా రాస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నా ప్రశ్న: జో అన్న పేరున్న ఆటగాళ్లతోనే తొమ్మిది స్థానాలూ నింపగలమా? మేనేజర్‌గా ఎవరిని పెట్టాలి? నా వరకు సెకండ్ బేస్ ఒక్కటే ఖాయం, అక్కడ సిన్సినాటి మోర్గన్.

బోస్టన్_బాబాయి:
నువ్వు చెప్పిందే నిజం. అప్పుడు నేను మసాచుసెట్స్‌లో చదువుకుంటున్నాను, ఆ వేసవి నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మేనేజర్ జో మోర్గన్ మా పక్కనున్న వాల్‌పోల్ ఊరివాడు. ఆటగాడిగా పెద్దగా వెలగలేదు, మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో) ఆడినవి వంద మ్యాచ్‌లైనా లేవు. చిన్న లీగుల్లో మేనేజర్‌గా ఏళ్లకు ఏళ్లు గడిపాడు. చలికాలంలో జీతం చాలక మసాచుసెట్స్ టర్న్‌పైక్ మీద మంచు తోసే బండి నడిపాడు. అలాంటి మనిషి 57 ఏళ్ల వయసులో ఆల్‌స్టార్ విరామం (సీజన్ మధ్య సెలవు) తరువాత తాత్కాలికంగా కుర్చీ ఎక్కాడు. మొదటి 12 మ్యాచ్‌లూ గెలుపే. మొదటి 20లో 19 గెలుపులు.

అందులో ఒక రోజు సంగతి చెప్పాలి. జిమ్ రైస్ అప్పటికే జట్టులో మహావృక్షం లాంటివాడు. అతడు బ్యాటింగ్‌కు వెళ్లబోతుంటే మోర్గన్ వెనక్కి పిలిచి, అతడికి బదులు స్పైక్ ఓవెన్‌ను పంపాడు. రైస్‌కు కోపం నషాళానికి అంటి, మేనేజర్‌ను డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వెనుక దారిలోకి లాగాడు. మోర్గన్ తిరిగి వచ్చి, ఈ తొమ్మిదిమందికీ మేనేజర్‌ని నేనే అని అందరూ వినేలా చెప్పాడు. రైస్ మీద మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. తాత్కాలికం అన్న మాట ఆ రోజుతో పోయింది.

సిన్సినాటి_సుధ:
బాబాయి గారూ, మీ మోర్గన్ మంచివాడే. కానీ మా మోర్గన్ ముందు ఎవరైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. 1975, 1976లలో వరసగా రెండుసార్లు నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. ఆ రెండేళ్లూ రెడ్స్‌దే వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల తుది పోరు). 689 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు. పిచ్చర్ బంతి వేసేలోపు ఎడమ మోచేతిని కోడి రెక్క ఆడించినట్టు ఆడించేవాడు. హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు నెల్లీ ఫాక్స్ చెప్పిన చిట్కా అది, మోచెయ్యి కిందికి జారకుండా ఉండటానికి. ఈ ఊరి పిల్లలందరూ పెరట్లో ఆ రెక్క ఆడించే పెరిగారు. మా అబ్బాయి కుడిచేత్తో ఆడతాడు, అయినా వాడికీ ఆ రెక్క కావాలి.

రెండో_బేస్:
సుధ గారూ, అసలు చిక్కు మీకు చెప్పలేదు. 1964లో ఈ ఇద్దరు మోర్గన్‌లూ నేషనల్ లీగ్‌లోనే ఉన్నారు. పెద్దాయన సెయింట్ లూయిస్‌కు, కుర్రవాడు హ్యూస్టన్‌కు. ఇద్దరూ ఆడినవి కొద్ది మ్యాచ్‌లే. అంతటితో అయిపోలేదు. 1975 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, బోస్టన్‌లోనే, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు తెచ్చిన హిట్ (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టింది సిన్సినాటి మోర్గన్. ఆ ఏడాది బోస్టన్ వారి కింది జట్టు పాటకెట్‌కు మేనేజర్‌గా ఉన్నది మరో మోర్గన్. క్విజ్ పెద్దమనిషికి ఇవన్నీ ఎలా ఎక్కించాలో చెప్పండి.

బోస్టన్_బాబాయి:
పాటకెట్ పేరెత్తావు కనుక ఇదీ విను. 1981 ఏప్రిల్‌లో పాటకెట్, రోచెస్టర్ మధ్య, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆట 32 ఇన్నింగ్స్ సాగి, తెల్లవారుజామున నాలుగు దాటాక ఆగింది. మిగిలిన ఒక్క ఇన్నింగ్స్ జూన్‌లో ఆడారు. మొత్తం 33. వృత్తి బేస్‌బాల్ చరిత్రలో అదే అతి పొడవైన ఆట. పాటకెట్ 3-2 తో గెలిచింది. మా మోర్గన్ 22వ ఇన్నింగ్స్‌లో అంపైర్‌తో వాదించి బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఇంటికి పోయి పడుకోవచ్చు కదా! పోలేదు. వెనుక ఉన్న చెక్కగోడ రంధ్రంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎముకలు కొరికే చలిలో.

కొత్తగా_చూస్తున్నా:
అడ్డు వస్తున్నందుకు ఏమనుకోకండి. క్రికెట్ కోచ్‌కూ ఈ మేనేజర్‌కూ తేడా ఏమిటి? అంపైర్‌తో ఆయన ఎందుకు వాదిస్తాడు?

లెక్కల_మాస్టారు:
క్రికెట్‌లో మైదానంలో ఉండి కెప్టెన్ తీసుకునే నిర్ణయాలన్నీ బేస్‌బాల్‌లో మేనేజర్‌వి. ఎవరు ఏ వరసలో ఆడాలి, పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలి, ఎవరికి బదులు ఎవరిని పంపాలి, అన్నీ ఆయనే. అందుకే ఆయన కూడా ఆటగాళ్ల దుస్తులే వేసుకుని డగౌట్‌లో కూర్చుంటాడు. వీపు మీద నంబరు కూడా ఉంటుంది.

ఇక అసలు విషయం. మేనేజర్ గురించి రెండో_బేస్ అడిగిన ప్రశ్నకు నా దగ్గర లెక్క ఉంది. యాంకీస్ ఇప్పటిదాకా గెలిచిన వరల్డ్ సిరీస్‌లు 27. అందులో జో మెకార్తీ నడిపినవి 7, జో టోరీ నడిపినవి 4, జో జిరార్డీ నడిపినది 1. మొత్తం 12. ఆటలో ఇంతటి ఘనత మరే జట్టుకూ లేదు, అందులో దాదాపు సగం "జో"ల చేతి మీదుగా వచ్చింది. దీనికి 1983లో బాల్టిమోర్ జో ఆల్టబెల్లీ, 2016లో షికాగో కబ్స్ జో మాడన్ కలిపితే 14.

యాంకీ_యాదగిరి:
అయితే మేనేజర్ టోరీయే. ఇంకో మాట లేదు.

లెక్కల_మాస్టారు:
7 పెద్దదా, 4 పెద్దదా తమ్ముడూ? మెకార్తీ గెలుపు శాతం .615, అంటే నూటికి 61కి పైగా. నూరేళ్లు దాటిన ఆటలో ఏళ్ల తరబడి నడిపిన మేనేజర్లలో దాన్ని మించినవాడు లేడు. పైగా ఆయన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1930లో కబ్స్ ఆయనను వద్దనుకున్నారు. 1932 వరల్డ్ సిరీస్‌లో అదే కబ్స్‌ను యాంకీస్ మేనేజర్‌గా 4-0తో ఊడ్చేశాడు. రెండు లీగుల్లోనూ టైటిల్ గెలిచిన మొదటి మేనేజర్ ఆయనే.

ఓరుగల్లు_వాణి:
జో మెకార్తీ అంటే కమ్యూనిస్టులను వేటాడిన సెనేటర్ కదా అనుకుని ఆ పోస్టు రెండుసార్లు చదివాను. అక్కడా పేరు గొడవేనా!

లెక్కల_మాస్టారు:
ఆయన విస్కాన్సిన్ సెనేటర్. ఈయన ఫిలడెల్ఫియాలో పుట్టిన మేనేజర్. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదమ్మా.

యాంకీ_యాదగిరి:
మాస్టారూ, మెకార్తీకి ఎవరెవరున్నారో చూడండి. గెరిగ్, డిమాజియో, డిక్కీ. అలాంటి జట్టును నడపడం వేరు. టోరీకి 1996లో ఏముంది? అంతకుముందు మూడు జట్లు ఆయనను తీసేశాయి. యాంకీస్ తీసుకున్న మర్నాడు ఒక పత్రిక ఆయన పేరు మీద "ఏమీ తెలియని జో" అన్న అర్థం వచ్చే పతాక శీర్షిక పెట్టింది. ఆ ఏడాది జూన్‌లో పెద్దన్న రాకో పోయాడు. ఇంకో అన్న ఫ్రాంక్, ఆయనా పాత ఆటగాడే, గుండె మార్పిడి కోసం ఆస్పత్రిలో ఎదురుచూస్తున్నాడు. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌కు ముందు రోజు గుండె దొరికింది, ఆపరేషన్ జరిగింది. మర్నాడు తమ్ముడు కప్పు గెలిచాడు. ఆటగాడిగా 18 సీజన్లు ఆడి ఒక్కసారీ వరల్డ్ సిరీస్ గడప తొక్కని మనిషి. ఆ రాత్రి ఆయన కళ్లు తుడుచుకుంటుంటే టీవీ ముందు మా నాన్న కూడా తుడుచుకున్నారు. నాన్నకు అప్పటికి ఆట నియమాలు ఒక్కటీ తెలియదు. గుండె ఆపరేషన్ అంటే ఏమిటో తెలుసు.

ఓరుగల్లు_వాణి:
యాదగిరి గారూ, ఇది చదివాక టోరీకి అడ్డు చెప్పను.

సిన్సినాటి_సుధ:
ఆ ఆరో మ్యాచ్‌లో గ్రెగ్ మాడక్స్ బంతిని ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి మొదటి పరుగు తెచ్చింది క్యాచర్ జో జిరార్డీ. అంటే ఒక జో కొట్టాడు, ఇంకో జో గెలిచాడు. పదకొండేళ్ల తరువాత టోరీ వెళ్లిపోతే ఆ కుర్చీలో జిరార్డీయే కూర్చున్నాడు. 27వ కప్పు కావాలని వీపు మీద 27 నంబరు వేసుకున్నాడు. 2009లో అది వచ్చాక 28కి మారాడు. ఆ ఇరవై ఎనిమిదోది రానేలేదు.

ఫిరంగిపురం_చెల్లి:
మీరందరూ జో, జో అంటుంటే నాకు మా ఊరే గుర్తొస్తోంది. గుంటూరు వైపు కతోలికుల ఇళ్లలో పునీత జోజప్ప పేరు లేని ఇల్లు అరుదు. జోజి, జోజిరెడ్డి, జోజయ్య, అందరూ ఆ యోసేపు పేరువాళ్లే. మార్చి 19న పండుగ రోజు గుడి ముందు నిలబడి "జోజీ" అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. పొడుగు జోజి, మిల్లు జోజి, చెరువుకట్ట జోజి అని పిలుచుకుంటాం. ఇటలీ నుంచి వెళ్లిన కుటుంబాల్లో కూడా అంతే అయి ఉంటుంది కదా? అదే పునీతుడు, అదే పేరు.

లెక్కల_మాస్టారు:
అమ్మాయీ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో ఇదే మేలైనది. డిమాజియో పుట్టుపేరు జుసెప్పె పావొలో. తండ్రి సిసిలీ నుంచి కాలిఫోర్నియా వచ్చిన జాలరి. జుసెప్పె అంటే మీ జోజప్పే. జో టోరీ, జో గారజియోలా, జో పెపిటోన్, జో జిరార్డీ, అందరూ ఇటలీ మూలాలవాళ్లే. మీరు మిల్లు జోజి అన్నట్టే అక్కడ మారుపేర్లు పెట్టి విడదీసుకున్నారు. డిమాజియో "జోల్టిన్ జో", జాక్సన్ "షూలెస్ జో", మెగినిటీ "ఐరన్ మ్యాన్ జో", వుడ్ "స్మోకీ జో". మనకు ఇంటిపేరు ముందుండి విడదీస్తుంది. వాళ్లకు ఆ పని మారుపేరు చేసింది.

పాతబంతి:
స్మోకీ జో వుడ్‌ను జట్టులోకి రానివ్వను. ఆయన అసలు పేరు హోవర్డ్ ఎల్స్‌వర్త్ వుడ్. జోసెఫ్ అన్నది ఎక్కడా లేదు.

బోస్టన్_బాబాయి:
1912లో 34 గెలిచి 5 ఓడిన పిచ్చర్‌ను బయట నిలబెడతావా? వరల్డ్ సిరీస్‌లో ఇంకో మూడు గెలిచాడు! చెయ్యి దెబ్బతిన్నాక ఔట్‌ఫీల్డర్‌గా మారి క్లీవ్‌లండ్‌తో 1920లో మళ్లీ కప్పు పట్టాడు. అందరూ జో అని పిలిచారు, అది చాలదా?

పాతబంతి:
చాలదు. పైగా అవసరం కూడా లేదు. అదే మారుపేరుతో అసలైన జోసెఫ్ ఒకడున్నాడు, స్మోకీ జో విలియమ్స్. నల్లజాతి వాడు కనుక మేజర్ లీగ్ తలుపులు ఆయనకు తెరుచుకోలేదు. 1930 ఆగస్టులో, నలభై దాటిన వయసులో, రాత్రిపూట దీపాల వెలుగులో, హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున కాన్సస్ సిటీ మోనార్క్స్ మీద 12 ఇన్నింగ్స్ వేశాడు. 27 స్ట్రైక్‌ఔట్లు, అంటే బంతి కొట్టలేక మూడు స్ట్రైక్‌లతో వెనుదిరిగినవాళ్లు. ఇచ్చినది ఒక్క హిట్. 1-0తో గెలిచాడు. 1952లో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక జరిపిన ఎన్నికలో నల్లజాతి పిచ్చర్లందరిలో మేటిగా ఆయనే నిలిచాడు, సాచెల్ పేజ్ కంటే ఒక్క ఓటు ఎక్కువ. హాల్ ఆఫ్ ఫేమ్ (ఆటలో మేటివాళ్ల గౌరవ జాబితా) పిలుపు వచ్చింది మాత్రం 1999లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. మన జట్టులోనైనా మొదటి బంతి ఆయన వేయాలి.

బోస్టన్_బాబాయి:
సరే. ఈ మాటకు తలవంచుతాను. మొదటి బంతి విలియమ్స్‌దే.

కొత్తగా_చూస్తున్నా:
హోసే ఆల్టువే కూడా జోసెఫేనా? అతడి ఆట ఒక్కటే నేను బాగా చూశాను.

రెండో_బేస్:
మూలం అదే. కానీ హోసేలను రానిస్తే జట్టు పూర్తిగా మారిపోతుంది. ఆల్బర్ట్ పూహోల్స్ పూర్తి పేరులో కూడా మొదట ఉన్నది హోసే! హోసేలకు వేరే జట్టు కడదాం, అక్కడ మీరే పెద్ద. ఇక్కడ "జో" అని పిలవాలి, పేరులో కూడా ఉండాలి.

సిన్సినాటి_సుధ:
అయితే జోయీ వోటో? పుట్టుపేరు జోసెఫ్ డేనియల్. రెడ్స్‌కు 17 సీజన్లు, 2010 ఎంవీపీ.

రెండో_బేస్:
జోయీ అంటే జో కాదు సుధ గారూ. నియమం నియమమే. ఫస్ట్ బేస్‌లో జో ఆడ్‌కాక్. 1954 జూలై 31న ఒక్క మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు (ఒక్కోటి నాలుగు బేస్‌లు), ఒక డబుల్ (రెండు బేస్‌లు). ఆ 18 బేస్‌ల రికార్డు 2002 దాకా నిలిచింది.

సిన్సినాటి_సుధ:
మనసు ఒప్పుకోవడం లేదు. అయినా సరే.

ఓరుగల్లు_వాణి:
ఎవరూ ఎత్తని పేరు నేను ఎత్తుతాను. షూలెస్ జో జాక్సన్. ఎడమ ఔట్‌ఫీల్డ్ ఆయనది కాదా?

యాంకీ_యాదగిరి:
డబ్బు తీసుకున్నవాడికి చోటు ఇవ్వవద్దు. 1919 వరల్డ్ సిరీస్ అమ్ముకున్న ఎనిమిదిమంది షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లలో ఆయన ఒకడు. 5,000 డాలర్లు తీసుకున్నానని 1920లో గ్రాండ్ జ్యూరీ ముందు తానే చెప్పాడు.

ఓరుగల్లు_వాణి:
చెప్పాడు. అదే సిరీస్‌లో 12 హిట్లు కొట్టి .375 సగటు తెచ్చాడు, ఫీల్డింగ్‌లో ఒక్క తప్పూ లేదు. ఓడిపోవడానికి ఆడేవాడు అలా ఆడతాడా? దక్షిణ కరోలినాలో నూలుమిల్లులో పనిచేస్తూ పెరిగిన పిల్లవాడు. బడి ముఖం చూడలేదు, చదవడం రాదు, సంతకం కూడా భార్య రాసిచ్చిన అక్షరాల మీద దిద్దేవాడు. కొత్త బూట్లు కరిచి పుండ్లు పడితే మేజోళ్లతో ఆడాడని ఆ మారుపేరు. 1921లో కోర్టు జాక్సన్‌నూ, విచారణకు నిలిచిన మిగతా ఆటగాళ్లనూ నిర్దోషులంది. మర్నాడే కమిషనర్ (మేజర్ లీగ్ అధిపతి) జడ్జి లాండిస్ ఆ ఎనిమిదిమందినీ జీవితాంతం నిషేధించాడు. 1951లో పోయేదాకా ఆ మచ్చ మోశాడు. మా తాతగారూ వరంగల్‌లో మిల్లు కార్మికుడే. వేలిముద్ర వేసి ఎక్కడెక్కడ మోసపోయారో ఇంట్లో కథలు కథలుగా విన్నాను. కాగితం చదవలేని మనిషిని కాగితంతో కట్టేయడం ఎంత తేలికో నాకు తెలుసు.

యాంకీ_యాదగిరి:
వాణి గారూ, చదవడం రాకపోవడం వేరు, నోట్ల కవరు తీసుకోవడం వేరు. మీ తాతగారు ఎవరి డబ్బూ తీసుకోలేదు కదా. ఆ పోలిక ఆయనకు తగదు.

ఓరుగల్లు_వాణి:
అది నిజం. తాతగారిని పక్కన పెడతాను. జాక్సన్‌ను మాత్రం పక్కన పెట్టను.

పాతబంతి:
2025 మేలో కమిషనర్, చనిపోయినవారిని శాశ్వత నిషేధం జాబితా నుంచి తొలగించాడు. పీట్ రోజ్‌తో పాటు జాక్సన్ పేరూ పోయింది. ఆటే ఆ కట్టు విప్పినప్పుడు మనం కట్టడం దేనికి? కావాలంటే ఎడమ ఔట్‌ఫీల్డ్‌కు ఇంకొకడున్నాడు, జో మెడ్విక్. 1937లో నేషనల్ లీగ్ ట్రిపుల్ క్రౌన్, అంటే బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, తెచ్చిన పరుగులు, మూడింటిలోనూ మొదటివాడు. ఆ లీగ్‌లో ఆ తరువాత ఎవరికీ అది దక్కలేదు.

బోస్టన్_బాబాయి:
మెడ్విక్ సంగతి తెలుసు కదా? 1934 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, డెట్రాయిట్‌లో. థర్డ్ బేస్‌లోకి గట్టిగా జారాడని జనం పళ్లు, సీసాలు వర్షంలా కురిపించారు. ఆట సాగేలా లేదని, అతడిని కాపాడేందుకని చెప్పి, కమిషనర్ బయటికి పంపేశాడు. ఆ కమిషనర్ కూడా జడ్జి లాండిసే!

ఓరుగల్లు_వాణి:
అంటే ఎడమ ఔట్‌ఫీల్డ్‌లో ఉన్న ఇద్దరు జోలనూ మైదానం దాటించింది ఒక్క చెయ్యేనా! ఇది నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు.

లెక్కల_మాస్టారు:
ఓటింగ్ పెడదాం. నేను జాక్సన్‌కు.

పాతబంతి:
జాక్సన్.

సిన్సినాటి_సుధ:
1919లో గెలిచింది మా రెడ్స్. నిజాయితీగా ఆడినా గెలిచేవాళ్లమని ఈ ఊరివాళ్లు ఇప్పటికీ వాదిస్తారు, ఆ గెలుపుకు మచ్చ తెచ్చింది వాళ్లే కనుక నాది మెడ్విక్.

యాంకీ_యాదగిరి:
మెడ్విక్.

బోస్టన్_బాబాయి:
జాక్సన్. బాధగానే వేస్తున్నాను.

ఫిరంగిపురం_చెల్లి:
ఒక పసివాడు కోర్టు బయట "ఇది నిజం కాదని చెప్పు, జో" అని ఏడ్చాడని ఎక్కడో చదివాను. అది నిజమేనా?

పాతబంతి:
పత్రికలో వచ్చింది, లోకమంతా పాకింది. అలా ఎవరూ అనలేదని జాక్సన్ చాలా ఏళ్ల తరువాత చెప్పాడు. కానీ "జో" అని పేరు పెట్టి పిలిచిన నిజమైన కేక ఒకటుంది. 1993 అక్టోబరు 23, టొరంటో. ఆరో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక పరుగు వెనుక ఉన్నారు. మిచ్ విలియమ్స్ బంతిని జో కార్టర్ ఎడమ కంచె మీదుగా లేపాడు. వరల్డ్ సిరీస్ చివరి బంతి అలా హోమ్ రన్‌తో ముగియడం 1960 తరువాత అదే. రేడియోలో టామ్ చీక్ అన్ని బేస్‌లూ తాకి రా జో, ఇంతకంటే పెద్ద హోమ్ రన్ నీ జన్మలో కొట్టవు అన్నాడు. కార్టర్ అప్పటికి గంతులు వేస్తున్నాడు. బేస్ తాకకుండా దాటేస్తాడేమోనని చూసేవాళ్లకు భయం.

రెండో_బేస్:
కుడి ఔట్‌ఫీల్డ్ కార్టర్‌ది. సెంటర్‌లో డిమాజియో గురించి ఎవరూ రెండో మాట అనరు అనుకుంటాను.

లెక్కల_మాస్టారు:
అనరు. 1941లో వరసగా 56 మ్యాచ్‌లలో, ప్రతి దాంట్లో కనీసం ఒక్క హిట్. 13 సీజన్లలో 361 హోమ్ రన్లు కొట్టి, స్ట్రైక్‌ఔట్ అయినది 369 సార్లే. ఈ రెండో లెక్కే నాకు ఎక్కువ ఆశ్చర్యం. ఇప్పటి కొట్టేవాళ్లలో కొందరు అన్ని స్ట్రైక్‌ఔట్లు రెండేళ్లలో అవుతారు.

ఆ 56 ఆగిన రాత్రి తెలుసా? జూలై 17, క్లీవ్‌లండ్, 67 వేలకు పైగా జనం. థర్డ్ బేస్‌లో కెన్ కెల్ట్‌నర్ గీత దగ్గరగా వెనక్కి నిలబడ్డాడు. డిమాజియో రెండుసార్లు ఆ గీత వెంటే బలంగా కొట్టాడు. రెండుసార్లూ కెల్ట్‌నర్ వెనుక చేత్తో ఆపి, గీత అవతలి నుంచి విసిరి ఔట్ చేశాడు. ఆఖరిసారి బంతి షార్ట్‌స్టాప్ ముందు ఎగుడుగా లేచింది, అదీ చేతిలోనే పడింది, డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్). మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టి ఇంకో 16 మ్యాచ్‌లు వరసగా కొట్టాడు. నాకు ఆ పదహారే ఇష్టం.

యాంకీ_యాదగిరి:
మాస్టారూ, ఇంత చక్కగా చెప్పాక మెకార్తీకి ఓటు వేయకుండా ఉండలేకపోతున్నాను. డిమాజియోకు మేజర్ లీగ్‌లో ఆయనే కదా మొదటి మేనేజర్. అయినా టోరీని వదలను. 1971లో సెయింట్ లూయిస్ థర్డ్ బేస్‌లో .363 కొట్టి ఎంవీపీ అయ్యాడు. థర్డ్ బేస్ ఆయనకు ఇవ్వండి, మేనేజర్ కుర్చీ మెకార్తీకి ఇవ్వండి.

లెక్కల_మాస్టారు:
ఒప్పందం!

బోస్టన్_బాబాయి:
షార్ట్‌స్టాప్ జో క్రోనిన్. 1933లో 26 ఏళ్లకే ఆటగాడూ మేనేజరూ తానే అయి వాషింగ్టన్‌ను లీగ్ విజేతగా నిలిపాడు. మరుసటి ఏడాది యజమాని గ్రిఫిత్ ఇంటి పిల్లనే, మేనకోడలి వరసైన ఆమెను, పెళ్లి చేసుకున్నాడు. ఆ శరదృతువులోనే గ్రిఫిత్ ఆయనను రెండు లక్షల డాలర్లకు పైగా తీసుకుని బోస్టన్‌కు అమ్మేశాడు. కొత్త అల్లుణ్ణి అమ్మిన మామగారు! తరువాత అమెరికన్ లీగ్‌కే అధ్యక్షుడయ్యాడు.

పాతబంతి:
అమ్మకాలంటే జో గోర్డన్. 1960లో క్లీవ్‌లండ్, డెట్రాయిట్ జట్లు ఆటగాళ్లను కాదు, మేనేజర్లనే మార్చుకున్నాయి. గోర్డన్ అటు, జిమ్మీ డైక్స్ ఇటు. గోర్డన్ 1942 ఎంవీపీ కూడా, సెకండ్ బేస్‌లో మోర్గన్‌కు తోడుగా బెంచీ మీద ఉండాలి.

యాంకీ_యాదగిరి:
క్యాచర్ జో మావర్. వేరే పేరు ఎవరైనా అంటారా? మూడుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచిన క్యాచర్ చరిత్రలో ఆయన ఒక్కడే. పుట్టింది సెయింట్ పాల్, ఆడిన 15 సీజన్లూ పక్కనే ఉన్న మిన్నెసోటా ట్విన్స్‌కే.

రెండో_బేస్:
అయితే జట్టు నిండింది. క్యాచర్ మావర్, పిచ్చర్ విలియమ్స్, ఫస్ట్ బేస్ ఆడ్‌కాక్, సెకండ్ బేస్ మోర్గన్, షార్ట్‌స్టాప్ క్రోనిన్, థర్డ్ బేస్ టోరీ, ఔట్‌ఫీల్డ్‌లో జాక్సన్, డిమాజియో, కార్టర్. మేనేజర్ మెకార్తీ. ఆయన పక్కన బెంచ్ కోచ్‌గా వాల్‌పోల్ మోర్గన్‌ను పెట్టాను, బాబాయి గారి కోసం. ఇద్దరు మోర్గన్‌లూ ఒకే డగౌట్‌లో ఉండాలి. ఇది అచ్చు తీసి సోమవారం క్విజ్ పెద్దమనిషి బల్ల మీద పెడతాను. రిజర్వు పిచ్చర్ స్థానం ఒకటి ఖాళీగా ఉంది. జో నీక్రోను పెట్టనా? జీవితంలో కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్ సొంత అన్న ఫిల్ బంతిలో కొట్టాడు.

సిన్సినాటి_సుధ:
ఆ స్థానం నాకివ్వండి. వోటోను వదులుకున్నాను, మెడ్విక్ ఓడిపోయాడు, ఇదైనా నాది కావాలి. జో నక్స్‌హాల్.

1944 జూన్ 10. ఆటగాళ్లు యుద్ధానికి పోయిన రోజులు. రెడ్స్ సెయింట్ లూయిస్ చేతిలో చిత్తుగా ఓడుతున్నారు. మేనేజర్ బెంచీ చివర కూర్చున్న కుర్రవాడిని లేవమన్నాడు. వయసు 15 ఏళ్ల 10 నెలల 11 రోజులు. తొమ్మిదో తరగతి పిల్లవాడు. డగౌట్ మెట్టు ఎక్కుతూ తడబడి పడ్డాడు. ఇద్దరిని ఔట్ చేశాడు. అంతలో ఎదురుగా స్టాన్ మ్యూజియల్ కనిపించాడు. ఐదు వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్), రెండు హిట్లు, ఐదు పరుగులు. మూడో ఔట్ దొరకనే లేదు, బంతి తీసుకున్నారు. ఆట 18-0తో పోయింది.

మళ్లీ మేజర్ లీగ్ మైదానంలోకి వచ్చింది 1952లో. అంతవరకు కింది లీగుల్లో తిరిగాడు. వచ్చాక 135 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు రెడ్స్ రేడియో గొంతు ఆయనదే. మూడో బేస్ మలుపు తిరిగి ఇంటికి పోతున్నాను అని రోజూ ఆట చివర చెప్పి సెలవు తీసుకునేవాడు. ఆ మాట ఇప్పుడు మా స్టేడియం బయటి గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. ప్రతి ఏడాది మొదటి ఆటకు వెళ్లినప్పుడు మా అబ్బాయిని ఆ గోడ కింద నిలబెట్టి ఫొటో తీస్తాను. ఈ ఏడాది వాడికి పదిహేను నిండాయి.

రెండో_బేస్:
ఇచ్చాను సుధ గారూ. జాబితాలో నక్స్‌హాల్ పేరు పక్కన వయసు గడిలో 15 అనే రాశాను.